సంఘం ఆఫీసుకు ఎంత కరెంటు కావాలి?

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల కార్యదర్శులు, పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల్లో మమ్మల్ని మామూలుగా నగదు చిట్టా గురించీ, షేర్ల రిజిస్టరు గురించీ మాట్లాడమంటారు. ఈసారి కరెంటు గురించి మాట్లాడతామని మేమే అడిగి ఈ గంట తీసుకున్నాము. మేము చదివింది పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా. ఉద్యోగం మాత్రం సహకార శాఖలో దొరికింది. చదివిన చదువు ఉద్యోగంలో అక్కరకు రాలేదని చాలా కాలం అనుకునేవాళ్లం. అక్కరకు రావలసిన రోజున మేమే దాన్ని వాడలేదని తర్వాత తెలిసింది. ముందుగా ఆ సంగతి మనవి చేస్తాము.

కొన్నేళ్ల క్రితం ఒక సంఘానికి తనిఖీకి వెళ్లాము. ఊరి పేరు అవసరం లేదు. లెక్కలు శుభ్రంగా ఉన్నాయి. పాత పెంకుటింట్లో రెండు గదులు. ఒకటి ఆఫీసు, ఒకటి పాలు పరీక్షించే గది. స్విచ్‌బోర్డు మీద ఒక అట్టముక్క కట్టి ఉన్నది. ఎందుకని అడిగితే, 'చెయ్యి తగిలితే కాలుతోంది సార్, అందుకని' అన్నాడు కార్యదర్శి. మేము ఊఁ అని, కెటిల్‌లో కాచిన టీ తాగి, రిజిస్టర్ల మీద సంతకం చేసి వచ్చేశాము. ఆ కెటిల్ కూడా ఆ బోర్డుకే పెట్టి ఉన్నది.

పదకొండు వారాలకు ఒక సాయంత్రం సేకరణ వేళ ఆ బోర్డు అంటుకున్నది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. కాని బోర్డు కింద అలమారలో ఉన్న కొనుగోలు రిజిస్టరు కాలిపోయింది. పక్కనున్న కంప్యూటరూ పోయింది. పక్షం బిల్లుకు అది పదమూడో రోజు. 118 మంది పోసిన పాలు, వాటి వెన్న శాతం, అన్నీ బూడిద. విచారణకు మమ్మల్నే పంపారు.

స్లిప్పులు దాచుకున్నవారికి స్లిప్పుల ప్రకారం ఇచ్చాము. స్లిప్పులు లేనివారికి వెనకటి పక్షం సగటు చూసి ఇవ్వాలని పాలకవర్గం తీర్మానించింది. వేరే దారి కూడా లేదు. అందులో ఒక ముసలమ్మ ఉన్నది. వెనకటి పక్షంలో ఆమె గేదె ఒకటే పాలిస్తున్నది, అదీ వట్టిపోయే దశలో, పూటకు లీటరు. సరిగ్గా ఆ పక్షం మొదట్లోనే రెండో గేదె జున్నుపాలు దాటి పూటకు నాలుగు లీటర్లు ఇవ్వసాగింది. సగటు ప్రకారం ఆమెకు వచ్చింది లీటరు లెక్కే. 'పెద్దమ్మా, స్లిప్పులేమైనా దాచావా?' అని అడిగాము. 'చదువు రానిదాన్ని, కాగితాలు దాచుకుని ఏం చేసుకోను నాయనా? మీ పుస్తకంలో ఉంటది గదా అనుకున్నా' అన్నది.

దానికి మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

తర్వాత ఆ సంఘం కాగితాలు తిరగేశాము. కరెంటు కనెక్షను తీసుకున్ననాడు మంజూరైన లోడు 1 కిలోవాట్. అప్పుడు ఆఫీసులో రెండు బల్బులు, ఒక ఫ్యాను. ఆ తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. పాలు పరీక్షించే ఎనలైజరు వచ్చింది. ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. కంప్యూటరు, ప్రింటరు, ఇన్వర్టరు, పశువుల మందులు పెట్టుకోవడానికి ఫ్రిజ్, క్యాన్లు కడగడానికి వేడినీళ్ల రాడ్డు వచ్చాయి. ప్రతి వస్తువుకూ తీర్మానం ఉన్నది. మూడేసి కొటేషన్లు ఉన్నాయి. స్టాకు రిజిస్టరులో నమోదు ఉన్నది. ఇవన్నీ కలిసి ఆ గోడలోని తీగ మోయగలదా అన్న తీర్మానం ఎక్కడా లేదు. ఎవరూ తప్పుడు పని చేయలేదు, ఎవరూ కూడిక వేయలేదు. అంతే జరిగింది.

ఆ కూడిక ఎలా వేయాలన్నదే ఈనాటి పాఠం. దీనికి ఇంజనీరు అక్కర్లేదు. పాల లెక్క వేయగలిగినవారెవరైనా ఈ లెక్క వేయగలరు.

మన క్యాను 40 లీటర్లు పడుతుంది. అందులో 45 పోయలేము, పోస్తే పొర్లిపోతుంది, కంటికి కనిపిస్తుంది. తీగకూ అలాగే ఒక కొలత ఉన్నది. కాకపోతే తీగ పొర్లదు, వేడెక్కుతుంది. గోడలో వేడెక్కుతుంది గనుక కనబడదు. పైగా ఆ వేడి మామూలు లెక్కన పెరగదు. తీగలో పోయే కరెంటు రెండింతలైతే పుట్టే వేడి నాలుగింతలవుతుంది. అతుకు వదులుగా ఉన్నచోట ఇంకా ఎక్కువ. బోర్డు మీద అట్టముక్క కట్టుకోవలసి వచ్చిందంటే లోపల అదే జరుగుతున్నదని అర్థం.

మూడు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు. వోల్టులు అంటే ఒత్తిడి, ట్యాంకు ఎత్తు లాంటిది. మన ఆఫీసులకు వచ్చేది 230 వోల్టులు. ఆంపియర్లు అంటే తీగలో పారే కరెంటు. తీగను వేడెక్కించేది ఇదే. వాట్లు అంటే ఆ రెండూ కలిసి చేసే పని. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. వెయ్యి వాట్లయితే ఒక కిలోవాట్. 1000ని 230తో భాగిస్తే 4.35 వస్తుంది కదా. కిలోవాటుకు నాలుగున్నర ఆంపియర్లు అని నోటికి పెట్టుకోండి, కొంచెం పై చూపుగా ఉంటుంది, మంచిదే.

ఇప్పుడు చేయవలసిన మొదటి పని ఏమిటంటే, ఒక కాగితం, పెన్సిలు తీసుకుని ఆఫీసులో ప్రతి వస్తువు వెనకా, అడుగునా చూడడం. ప్రతి యంత్రానికీ ఒక చిన్న ప్లేటో, కాగితమో అంటించి ఉంటుంది. దాని మీద వాట్లు రాసి ఉంటాయి. కొన్నింటి మీద వాట్లకు బదులు ఆంపియర్లే ఉంటాయి. అప్పుడు 230తో గుణించండి. ఊహించి రాయవద్దు. 'చిన్న రాడ్డే సార్' అంటారు. మనిషి చేతిలో పట్టే ఆ రాడ్డు, తలమీద తిరిగే ఫ్యాన్లు ఇరవై కలిస్తే ఎంతో అంత కరెంటు తాగుతుంది. వస్తువు సైజుకూ దాని ఆకలికీ సంబంధం లేదు. వేడి పుట్టించేదేదైనా ఎక్కువ తింటుంది. వెలుగు, శబ్దం, అంకెలు చూపించేవి తక్కువ తింటాయి.

మామూలు సంఘం ఆఫీసు ఒకటి తీసుకుని నల్లబల్ల మీద రాస్తున్నాము. మీ ఆఫీసు ప్లేట్ల మీద అంకెలు కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు. పద్ధతి ఇదే.

ఎల్.ఇ.డి. ట్యూబులు 5, ఒక్కొక్కటి 20 వాట్లు: 100
వసారాలో, గేటు దగ్గర బల్బులు 2, పదేసి వాట్లు: 20
సీలింగు ఫ్యాన్లు 3, ఒక్కొక్కటి 75 వాట్లు: 225
ఎనలైజరు: 50
కాటా, బయట అంకెలు చూపే పెట్టె: 20
కంప్యూటరు, తెరతో కలిపి: 150
ప్రింటరు: 50
ఫ్రిజ్: 150
ఇన్వర్టరు, బ్యాటరీ నింపుకునేటప్పుడు: 300
నీళ్లు కాచే రాడ్డు: 1500
నీళ్ల మోటారు, 1 హార్స్‌పవర్: 1100

మొత్తం 3665 వాట్లు.

మోటారు దగ్గర మీకు అనుమానం రావాలి. హార్స్‌పవరంటే 746 వాట్లని పుస్తకాల్లో ఉంటుంది, 1100 ఎలా రాశారని. 746 అన్నది మోటారు ఇరుసు మనకిచ్చే పని. అంత పని ఇవ్వడానికి అది లైను నుంచి అంతకంటే ఎక్కువ లాగుతుంది, మిగిలింది వేడిగా పోతుంది. దాణా పెట్టినంతా పాలు కావు కదా, అలాగే. చిన్న మోటార్లలో ఈ నష్టం ఎక్కువ.

ఇప్పుడు 3665ను 230తో భాగిస్తే 16 ఆంపియర్లు. మోటారు, ఫ్రిజ్ లాంటివి తమ వాట్లకు సరిపడే దానికంటే కొంచెం ఎక్కువ కరెంటు లాగుతాయి కనుక 17, 18 అనుకోవాలి. 1 కిలోవాట్ కనెక్షను మీద, పాత 1.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ మీద ఇది నడవాలంటే ఎలా నడుస్తుంది? ఆ తీగ నిలకడగా మోసేది పది ఆంపియర్లకు అటూ ఇటూ. మేము చెప్పిన ఊళ్లో సరిగ్గా ఇదే తీగ. ఫ్యూజు ఊరికే పోతోందని, దాని స్థానంలో లావు తీగ చుట్టి పెట్టారు. ఫ్యూజు ఉన్నదే ముందుగా తాను తెగి ఇంటిని కాపాడటానికి. కాపలావాడు అరుస్తున్నాడని నోరు కట్టేసినట్టయింది.

అయితే 3.7 కిలోవాట్‌లకు దరఖాస్తు పెట్టాలా? ఇక్కడ కొంచెం ఆలోచించాలి. లోడు పెంచిన కొద్దీ ప్రతి నెలా కిలోవాటుకు ఇంతని స్థిర ఛార్జీ కట్టాలి, వాడినా వాడకపోయినా. అది సభ్యుల డబ్బు. కనుక ఏవి ఒకేసారి నడుస్తాయి, ఏవి నడవనక్కర్లేదు అని చూడాలి. దుకాణంలోనో బ్యాంకులోనో అయితే రోజంతా ఒకే తీరు. మన సంఘం ఆఫీసు అలా కాదు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు అన్నీ ఒక్కసారి లేస్తాయి, తర్వాత నిద్రపోతాయి. కాబట్టి మన లెక్క ఆ రెండు గంటలదే.

సేకరణ వేళ లైట్లు, ఫ్యాన్లు 345 వాట్లు. పరీక్ష, తూకం, కంప్యూటరు, ప్రింటరు 270. ఫ్రిజ్ 150, ఇన్వర్టరు 300. కలిపితే 1065. ఇవి ఒకేసారి నడవక తప్పదు. రాడ్డు, మోటారు మాత్రం మన చేతిలో ఉన్నాయి. మోటారు మధ్యాహ్నం వేసి ట్యాంకు నింపుకుంటే సరిపోతుంది. సేకరణ వేళ దానితో పనేమిటి? రాడ్డు మాత్రం చివర్లో క్యాన్లు, గొట్టాలు కడిగే సమయానికి వేడినీళ్లు కావాలి గనుక ఆ వేళ కూడా ఉంటుందనుకుందాం. 1065కు 1500 కలిపితే 2565 వాట్లు. అంటే 2.6 కిలోవాట్‌లు, సుమారు 12 ఆంపియర్లు. రేపు ఏదో ఒక వస్తువు వస్తుంది గనుక కొంచెం సందు ఉంచి 3 కిలోవాట్‌లకు దరఖాస్తు పెట్టవచ్చు. మోటారు వేళ మార్చడం వల్ల ఒక కిలోవాట్ మిగిలింది. అయితే ఇది కాగితం మీద మాట కాకూడదు. రాడ్డు, మోటారు ఒకేసారి వేయకూడదని స్విచ్‌ల దగ్గర రాసి పెట్టాలి. టెస్టరుకూ, క్యాన్లు కడిగే కుర్రవాడికీ కూడా చెప్పాలి. ఇంకా గట్టిగా కావాలంటే ఆ రెంటికీ కలిపి అటో ఇటో మాత్రమే పడే స్విచ్ ఒకటి పెట్టించుకోండి.

ఇంకొక సంగతి. కరెంటు పోయి వచ్చిన క్షణంలో మనం వేసుకున్న ఈ వేళల పొందిక చెడిపోతుంది. ఖాళీ అయిన బ్యాటరీ లాగుతుంది, ఫ్రిజ్ లేస్తుంది, ఎవరో ఆపడం మరచిన మోటారు కూడా లేస్తుంది. మోటారు లేచేటప్పుడు మామూలుగా లాగే దానికి అయిదారు రెట్లు లాగుతుంది, రెప్పపాటే అనుకోండి. ట్యూబులైట్లు ఒక్కసారి మినుకుమంటాయి చూశారా, అది అందుకే. కరెంటు పోగానే రాడ్డు, మోటారు స్విచ్‌లు ఆపివేయడం అలవాటు చేసుకోవాలి.

లోడు తేలింది. ఇక తీగ. రాగి తీగలు గొట్టంలో వేస్తే 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ సుమారు 13 ఆంపియర్లు, 2.5ది 18, 4ది 24 మోస్తాయి. మీటరు నుంచి మన పంపిణీ పెట్టె దాకా 4 తీగ, అక్కడ 20 ఆంపియర్ల ఎం.సి.బి. పెడితే మన 12 ఆంపియర్లకు బాగా సరిపోతుంది. ఎం.సి.బి. అంకె ఎప్పుడూ తీగ అంకె కంటే తక్కువ ఉండాలి. ఇది తలకిందులైతే ముందు తీగ కాలుతుంది, ఎం.సి.బి. చూస్తూ ఉంటుంది.

అక్కడి నుంచి పాయలు చేయాలి, కాలువ నుంచి బోదెలు తీసినట్టు. లైట్లు, ఫ్యాన్లు ఒక పాయ. భారత ప్రమాణం ఐ.ఎస్. 732 ప్రకారం ఇలాంటి పాయ మీద పది పాయింట్లకు, 800 వాట్లకు మించరాదు. మన లెక్కలో ట్యూబులు, బల్బులు, ఫ్యాన్లు కలిసి సరిగ్గా పది పాయింట్లు, 345 వాట్లు. పదకొండోది కావాలంటే ఇంకో పాయ వేయాలి. ఎనలైజరు, కాటా, కంప్యూటరు మరో పాయ. ఈ రెండింటికీ 1.5 తీగ, 6 ఆంపియర్ల ఎం.సి.బి. చాలు. ఫ్రిజ్, ఇన్వర్టరులకు ఒక పాయ. రాడ్డుకు విడిగా ఒకటి, మోటారుకు విడిగా ఒకటి, ఈ రెంటికీ 2.5 తీగ, 16 ఆంపియర్ల ఎం.సి.బి.

రాడ్డు సంగతి కొంచెం నిలబడి చెప్పాలి. 1500ను 230తో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. మామూలు చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. అంటే చిన్న ప్లగ్గులో రాడ్డు పెట్టడమే తప్పు. పెద్ద పిన్నుల 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి. మేము చూసిన చాలా ఆఫీసుల్లో రాడ్డు ఎక్స్‌టెన్షన్ పెట్టెలో ఉంటుంది, దాని పక్క రంధ్రంలోనే ఎనలైజరు! రాడ్డు వేయగానే ఆ సన్నటి తీగలో ఒత్తిడి తగ్గుతుంది. ఎనలైజరు మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది. వరసలో నిలబడ్డవాళ్లు విసుక్కుంటారు, టెస్టరు కంగారులో వెన్న శాతం చేత్తో రాస్తాడు. తర్వాత సభ్యుడికీ కార్యదర్శికీ తగాదా. ఆ తగాదాలో సగం రాడ్డుది.

పాల గది నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. మనుషులు ఉత్త కాళ్లతో ఉంటారు. చేతిలో లోహపు క్యాను. కరెంటు షాకుకు ఇంతకంటే అనువైన చోటు ఊళ్లో మరొకటి ఉండదు. అందుకని పంపిణీ పెట్టెలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పనిసరిగా పెట్టించండి. ఎం.సి.బి. తీగను కాపాడుతుంది, ఇది మనిషిని కాపాడుతుంది. రెండూ ఒకటి కావు. ఒకటుంటే రెండోది అక్కర్లేదని ఎవరైనా చెబితే వినవద్దు. దాని మీద పరీక్ష గుండీ ఒకటి ఉంటుంది. పక్షం బిల్లు రాసే రోజున దాన్ని ఒకసారి నొక్కి చూడండి, టక్కున పడిపోవాలి. ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు వేయించి, ఎండాకాలంలో రెండు బిందెల నీళ్లు పోస్తూ ఉండాలి. రాడ్డు నీళ్లలో ఉండగా నీళ్లు వేడెక్కాయా అని వేలు పెట్టి చూడవద్దు. ప్లగ్గు తీసిన తర్వాతే ముట్టుకోవాలి. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెబుతున్నామనుకోకండి, పెద్దవాళ్లే వేలు పెడతారు.

సాయంత్రం ఊరంతా ఒక్కసారి లైట్లు, మిక్సీలు వేస్తుంది. లైను చివరనున్న ఊళ్లలో 230 రావలసింది 190కి దిగుతుంది. అప్పుడు రాడ్డు 1500 కాదు, సుమారు 1000 వాట్ల పని మాత్రమే చేస్తుంది. నీళ్లు త్వరగా కాగలేదని ఇంకో రాడ్డు కొనవద్దు. మోటారు, ఫ్రిజ్ అలా కాదు. ఒత్తిడి తగ్గితే అవి ఇంకా ఎక్కువ కరెంటు లాగి లోపల వేడెక్కుతాయి. ఎనలైజరుకు, కంప్యూటరుకు చిన్న స్టెబిలైజరు పెట్టుకోండి. రోజూ ఇంతే అయితే కరెంటు ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేయండి, నకలు ఫైలులో ఉంచండి.

ఇన్వర్టరు ఎంతది కొనాలని చాలామంది అడుగుతున్నారు. దుకాణదారుడు చెప్పింది కాదు, మన జాబితా చెప్పింది కొనాలి. కరెంటు పోయినా ఆగకూడనివి పరీక్ష, తూకం, కంప్యూటరు, ప్రింటరు: 270 వాట్లు. ఒక ట్యూబు, ఒక ఫ్యాను కలిపితే 365. ఇన్వర్టరు మీద వాట్లు కాదు, వి.ఎ. అని రాసి ఉంటుంది. మన వాట్లను 0.8తో భాగిస్తే వి.ఎ. వస్తుంది, ఇక్కడ 456. కాబట్టి 600కు పైన ఏదైనా సరిపోతుంది. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు ఈ లోడును రెండున్నర గంటలు లాక్కొస్తుంది. ఒక పూట సేకరణకు అది చాలు. అలాగని కెటిల్‌ను దానికి పెట్టారో, మీ టీ కాగేలోపల అది చేతులెత్తేస్తుంది.

లోడు వేరు, యూనిట్లు వేరు. ఈ రెంటినీ కలపడం వల్ల పాలకవర్గ సమావేశాల్లో చాలా వాదనలు జరుగుతాయి. లోడంటే ఒక్క క్షణంలో ఎంత లాగుతాం అన్నది. యూనిట్లంటే ఎంతసేపు లాగాం అన్నది. వాట్లను గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు. మన రాడ్డు 1500 వాట్లు, రోజుకు గంట అనుకుంటే ఒకటిన్నర యూనిట్లు. ఫ్యాన్లు మూడూ కలిపి 225 వాట్లే గాని ఆరు గంటలు తిరుగుతాయి, 1.35 యూనిట్లు. అంటే రాడ్డుకు దగ్గర దగ్గరే! లైట్లు 5 గంటలకు 0.6, పరీక్ష, కంప్యూటరు సామాను 5 గంటలకు 1.35. ఫ్రిజ్ రోజంతా ప్లగ్గులో ఉన్నా లోపలి మోటారు తిరిగేది మొత్తం మీద 8 గంటలనుకుంటే 1.2. మోటారు అరగంటకు 0.55. ఇన్వర్టరుకు గంటన్నర అనుకుంటే 0.45. కూడితే రోజుకు 7 యూనిట్లు, నెలకు 210. మీ బిల్లులో 300 ఉంటే ఆ 90 ఎక్కడికి పోయాయో వెతకాలి. ఒక చోట వెతికితే పక్క కొట్టువాడి ఫ్రిజ్ మన వసారా ప్లగ్గులో కనబడింది.

ఫ్యాన్లు మార్చవలసి వస్తే 30 వాట్ల లోపు తిరిగే బి.ఎల్.డి.సి. రకం ఇప్పుడు దొరుకుతున్నాయి. మూడింటి మీద నెలకు 24 యూనిట్లు మిగులుతాయి. ధర ఎక్కువే. తిరుగుతున్న ఫ్యాన్లు తీసి మార్చనక్కర్లేదు, పాడైనప్పుడు చూసుకుంటే చాలు.

బల్క్ కూలరు ఉన్న సంఘాలకు ఒక మాట. అది మూడు ఫేజుల యంత్రం, దాని లెక్క వేరు, కనెక్షను వేరు. కూలరు బోర్డులో ఖాళీ ఉన్నది కదా అని ఆఫీసు లైట్లకు అక్కడి నుంచి తీగ లాగవద్దు. ఆఫీసు బిల్లు ఒక కేటగిరీ, శీతలీకరణ బిల్లు ఇంకొకటి కావచ్చు. ఏ మీటరు ఏ కేటగిరీలో ఉన్నదో బిల్లు మీద చూసుకుని, అనుమానమైతే రాసి అడిగి, జవాబు కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

మంజూరైన దానికంటే ఎక్కువ వాడితే ఏమవుతుందని అడుగుతారు. ముందు నోటీసు ఇచ్చి, అదనపు లోడుకు అభివృద్ధి ఛార్జీలు, డిపాజిట్టు కట్టమంటారు. వ్యవహారం ముదిరితే 2003 విద్యుచ్ఛక్తి చట్టంలోని 126వ సెక్షను ఉన్నది. మంజూరైన లోడును మించి లాగడం కూడా ఆ సెక్షను కిందికే వస్తుందని, ఒడిశాలోని ఒక రైస్‌మిల్లు కేసులో 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్క రెట్టింపు టారిఫు మీద వేస్తారు. ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే వెనక్కి 12 నెలల దాకా వెళ్లవచ్చు. ఆ డబ్బు కార్యదర్శి జేబులోంచి రాదు, పాలు పోసినవాళ్ల బోనసులోంచి వస్తుంది.

ఆ ముసలమ్మ విషయం తర్వాత ఏమైందని ముందు వరసలో అక్కగారు అడుగుతున్నారు. మహాజన సభలో మేము లేచి, ఆమెకు రెండో గేదె ఈనిన తేదీని పశువైద్యశాల పుస్తకం నుంచి తెప్పించవచ్చు కదా అన్నాము. తెప్పించారు. తేడాలో కొంత ఇచ్చారు, పూర్తిగా కాదు. ఆమె వేలిముద్ర వేసి తీసుకున్నది. మరుసటి ఏడాది నుంచి మా తనిఖీ నివేదికలో ఒక పేరా చేర్చుకున్నాము: మంజూరైన లోడు ఎంత, ప్లేట్ల ప్రకారం కూడిన లోడు ఎంత, బోర్డు ముట్టుకుంటే వేడిగా ఉన్నదా లేదా. శాఖ వారు అడిగింది కాదు. మేము రాస్తున్నాము, వారు వద్దనలేదు.

ఇక మీరు చేయవలసినది. సమావేశంలో జాబితా చదివి, మొత్తం లోడును మినిట్సు పుస్తకంలోకి ఎక్కించండి. కొత్త వస్తువు కొనే ప్రతి తీర్మానంలోనూ దాని వాట్లు రాసి, పాత మొత్తానికి కూడి, మంజూరైన లోడు పక్కన పెట్టండి. వైరింగు పని లైసెన్సున్న కాంట్రాక్టరు చేతనే చేయించి, అతను ఇచ్చే పరీక్షా పత్రం ఫైలులో పెట్టుకోండి. లోడు పెంపు దరఖాస్తుకు తాజా బిల్లు నకలు, తీర్మానం నకలు తీసుకుని వెళ్లండి. కొనుగోలు రిజిస్టరు ఉండే అలమారను బోర్డు కింద నుంచి తీసి ఎదుటి గోడకు పెట్టండి, దీనికి ఖర్చు లేదు.

భోజనాల తర్వాత ఇక్కడే కూర్చుంటాము. ప్లేట్ల మీది అంకెలు రాసుకుని వచ్చినవారు ఆ కాగితాలు తీసుకురండి, కలిసి కూడుదాము. రాసుకురానివారు ఇంటికి ఫోను చేసి, రాడ్డు మీద ఏమి రాసి ఉన్నదో చదివించుకోండి. చదివించే ముందు ప్లగ్గు తీయమని చెప్పండి.